బడితె బదులు బంతి

(రేడియో ప్రసంగ పాఠం)

నేను బహ్రెయిన్‌లో, రిఫా అనే ఊళ్ళో ఉంటాను. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. వృత్తి ఐటీ కన్సల్టెంటు. నేను పశువైద్యుణ్ణి కాను, కుక్కలకు శిక్షణనిచ్చే నిపుణుణ్ణీ కాను. ఇంట్లో కుక్క ఉన్న ఒక మామూలు మనిషిని. కాకపోతే, ఒక సమస్య వస్తే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎందుకు పనిచేస్తోందో చూసుకోవడం మా వృత్తిలో అలవాటు కదండీ! ఆ అలవాటుతోనే కుక్కకు ఆటతో, ఉత్సాహంతో చదువు చెప్పడం గురించి కొంత చదివాను, కొంత చేసి చూశాను. అదే ఇవాళ మీతో పంచుకుంటాను.

మన తెలుగులో ఒక సామెత ఉంది. "మంచి మనిషికో మాట, మంచి గొడ్డుకో దెబ్బ" అని. దానికి తోడు "దండం దశగుణం భవేత్" ఒకటి. మనలో చాలామందికి బళ్ళో మొదట వంటబట్టిన సంస్కృతం అదేనేమో! అంటే నోరులేని జీవికి మాట అర్థం కాదు, దెబ్బే దాని భాష అని మన పెద్దల్లో ఒక నమ్మకం. కానీ అదే పెద్దలు మనకిచ్చిన భారతం చూడండి. ఆదిపర్వంలో, కథ మొదట్లోనే, జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవతల కుక్క కొడుకు వస్తాడు. వాడు హవిస్సు ముట్టుకోలేదు, కనీసం దానివైపు చూడనైనా లేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు వాణ్ణి కొడతారు. తల్లి సరమ వచ్చి, "తప్పు చెయ్యనివాణ్ణి ఎందుకు కొట్టారు?" అని అడుగుతుంది. జవాబు చెప్పినవాడు లేడు. నన్నయగారి తెలుగు భారతంలోనూ ఈ కథ మొదట్లోనే వస్తుంది. చివరికి మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిందీ కుక్కే. మొదట్లో కుక్కను కొట్టినవాళ్ళు, చివర్లో కుక్కను వదలనివాడు... మధ్యలో భారతమంతా ఉంది!

సరే, అసలు విషయానికొస్తాను. మా ఇంట్లో ఉన్నవాడి పేరు 'సున్నుండ'. రంగు అచ్చం సున్నుండ రంగే కాబట్టి మా అమ్మాయి పెట్టింది. పిలిచేది 'ఉండ' అని. ఇక్కడివాళ్ళు ఎడారి కుక్కలంటారే, ఆ రకం. ఏ జాతీ అని చెప్పలేం. సఖీర్ వైపు ఇసుకలో, కాలికి దెబ్బతో ఎవరికో దొరికాడు. వాళ్ళ దగ్గర్నుంచి మా ఇంటికొచ్చాడు. అప్పటికి ఏడాదిన్నర వయసుంటుందని డాక్టరుగారి అంచనా. తలుపు గంట మోగితే చాలు, ఇల్లు పైకప్పు లేచిపోయేలా మొరిగేవాడు. మిగతా సమయమంతా సోఫా వెనక నక్కి ఉండేవాడు. రెండు నెలలయ్యేసరికి ఇంటి ఓనరుగారు వచ్చి, "చుట్టుపక్కల ఫిర్యాదులొస్తున్నాయి. నెల రోజుల్లో అరుపులు తగ్గకపోతే కుక్కనైనా పంపెయ్యండి, ఇల్లయినా ఖాళీ చెయ్యండి" అన్నారు. ఆయన మాటలో అన్యాయం లేదు. పక్కింట్లో పెద్దాయన, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే కుర్రాళ్ళు, అందరూ ఉన్నారు మరి.

గల్ఫులో కుక్కను పంపించెయ్యడమంటే ఏమిటో మీలో కొందరికి తెలుసు. మనది కాంట్రాక్టు బతుకు. ఉద్యోగం పోతుంది, వీసా అయిపోతుంది, విమానం ఎక్కేస్తారు. కుక్క సంగతి? దయగల మిత్రుడు దొరికితే అదృష్టం. లేకపోతే సంరక్షణ కేంద్రం. బహ్రెయిన్‌లో జంతు హింస నివారణ సంఘం 1979 నుంచి ఉంది, కానీ ఎన్నని పట్టగలవు వాళ్ళ గదుల్లో? అదీ కుదరకపోతే మళ్ళీ ఎడారే. అంచేత మాకు శిక్షణ అనేది సరదా కాదు. ఆ నెల రోజుల్లో తేలాల్సింది వాడికి ఇల్లుందా లేదా అన్నది.

మొదట ఒకాయన్ను పిలిచాం. ఆయన లోపలికి ముళ్ళున్న గొలుసు ఒకటి తీసి, "ఇది వేసి గట్టిగా ఒక్క లాగు లాగితే దారికొస్తాడు. మీరు వాడికి నాయకుడు కావాలి. తోడేళ్ళ గుంపులో అలాగే జరుగుతుంది" అన్నాడు. ఈ నాయకుడి మాట మీరూ వినే ఉంటారు. దాని వెనక కథ ఇదీ. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో ఉంచిన తోడేళ్ళ మీద తన పరిశీలనలు ప్రచురించాడు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళను ఒకచోట పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? దాన్నుంచి ఆధిపత్యం సిద్ధాంతం వచ్చింది. 1970లో డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో అది బాగా ప్రచారమైంది. తర్వాత ఆ మెక్కే అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, 1999లో ఇంకో వ్యాసం రాశాడు. అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. అది కుటుంబమే తప్ప కుస్తీ గోదా కాదు అని. సిద్ధాంతం చెప్పినాయనే దిద్దుకున్నాడు గానీ, గొలుసులు అమ్మేవాళ్ళకు ఆ కబురు ఇంకా చేరలేదు!

ఆయనకు ఫీజు ఇచ్చి పంపించేశాను. మా ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది. "గంట మోగితే భయపడి అరుస్తున్నాడు. అరిచినప్పుడల్లా మెడ నొక్కుకుంటే, గంటంటే భయం పెరుగుతుందా తగ్గుతుందా?" ఇంతకన్నా మంచి తర్కం నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

మరి పుస్తకాలు ఏమంటున్నాయి? 1898లో థార్న్‌డైక్ అనే ఆయన పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, అవి గడియ తీసుకొని బయటికి రావడం ఎలా నేర్చుకుంటాయో కొలిచాడు. మంచి ఫలితమిచ్చిన పని మళ్ళీ మళ్ళీ చేస్తారు, ఇవ్వనిది మానేస్తారు అన్నది ఆయన తేల్చిన సూత్రం. తర్వాత స్కిన్నర్ దాన్ని పెద్ద శాస్త్రంగా పెంచాడు. ఆయన శిష్యులైన బ్రెలాండ్ దంపతులు 1940లలో ఆ పద్ధతిని ప్రయోగశాల దాటించి, బతికున్న వ్యాపారంగా మార్చారు. ఇంకొకావిడ కరెన్ ప్రయర్. 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చేది. ఆలోచించండి, డాల్ఫిన్ మెడకు గొలుసెలా వేస్తారు? కొడితే నీళ్ళలోకి మునిగి అవతలికి పోతుంది. దాన్ని ఒప్పించాలే తప్ప ఒత్తిడి చెయ్యలేం. ఆ అనుభవంతో 1984లో ఆవిడ రాసిన పుస్తకం కుక్కలు పెంచేవాళ్ళ ఆలోచననే మార్చింది.

ఇక పద్ధతి చెప్తాను. మొదటి సంగతి: బహుమతి ఏమిటో నిర్ణయించేది మనం కాదు, కుక్క. మనం ప్రేమగా తల నిమురుతాం. చాలా కుక్కలకు, ముఖ్యంగా కొత్తచోట, తలమీదకి చెయ్యి రావడం బహుమతి కాదు, బెదిరింపు. అందుకని మేం ఒక పరీక్ష పెట్టాం. నేలమీద ఉప్పు వెయ్యని ఉడికించిన కోడిముక్క, క్యారెట్టు, పన్నీరు, ఒక బంతి, ఒక పాత తువ్వాలు వరసగా పెట్టాం. దేని దగ్గరికి ముందు వెళ్ళాడు, దేన్ని వదిలేశాడు అని మూడు రోజులు రాసుకున్నాం. మొదట కోడి, తర్వాత పన్నీరు. బంతిని చూసి భయపడ్డాడు. తువ్వాలు మాత్రం వాసన చూసి, మూతితో కాస్త తోశాడు. ఆ 'కాస్త తోయడం' గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

మన వంటింటి గురించి ఒక హెచ్చరిక. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ముద్దొచ్చింది కదా అని ఉల్లిపాయ కూరలో ముక్క, కిస్‌మిస్ వేసిన పాయసం పెట్టకండి. శాకాహారుల ఇళ్ళలో పన్నీరు, క్యారెట్టు, కీరదోస ముక్కలు హాయిగా సరిపోతాయి. ముక్క శనగగింజంత ఉంటే చాలు. కుక్క లెక్కపెట్టేది ఎన్నిసార్లు దొరికిందన్నదే, ఎంత పెద్దది దొరికిందని కాదు.

రెండో సంగతి: సమయం. కుక్క కూర్చుంది. మీరు జేబులో వెతికి, డబ్బా మూత తీసి ముక్క ఇచ్చేసరికి అది లేచి నిలబడింది. అంటే దేనికి బహుమతి ఇచ్చినట్టు? లేచినందుకు! దీనికి విరుగుడుగా ఒక గుర్తుమాట పెట్టుకోవాలి. మేం 'భేష్' అన్న మాట ఎంచుకున్నాం. పొట్టిగా ఉంటుంది, మామూలు మాటల్లో పదే పదే రాదు. మొదటి రెండు రోజులు వాడేమీ చెయ్యక్కర్లేదు. భేష్ అనడం, ముక్క ఇవ్వడం, అంతే. పూటకు పదిహేను సార్లు. ఆ తర్వాత భేష్ అనగానే చెవులు నిక్కబొడుచుకొని మావైపు చూడడం మొదలెట్టాడు. అప్పట్నుంచీ ఆ మాట కెమెరా క్లిక్కులాంటిది. ఏ క్షణంలో అంటే ఆ క్షణంలో చేసిన పని ఫోటో దిగినట్టు. ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా ఫరవాలేదు. దీనికి మెదడులో ఆధారముంది. వోల్ఫ్రమ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, డోపమిన్ కణాలు మొదట బహుమతి రుచికి స్పందించేవి. కొన్నాళ్ళకు, బహుమతి రాబోతోందని చెప్పే సంకేతానికే స్పందించడం మొదలెట్టాయి. పండక్కన్నా పండగ ముందురోజే సందడెక్కువ కదా, అలాగన్నమాట.

మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఇదంతా చూసి, "ఒరేయ్, కూర్చోమంటే కూర్చోడానికి లంచమేమిట్రా?" అంది. మంచి ప్రశ్న. పని జరగకముందు చూపించి బతిమాలేది లంచం. పని జరిగాక ఇచ్చేది కూలి. నెలాఖరున మా కంపెనీ నాకిచ్చేది లంచమని ఎవరూ అనరు కదా! కాబట్టి ముక్క ముందు చూపించకూడదు. పని నేర్చుకున్నాక ప్రతిసారీ ఇవ్వనూ అక్కర్లేదు. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మెచ్చుకోలుతో సరిపెట్టి, నాలుగోసారి పండగలా మూడు ముక్కలిస్తే, అలవాటు ఇంకా గట్టిపడుతుందని స్కిన్నర్ ప్రయోగాలు చెప్పాయి. అమ్మ కాసేపు ఆలోచించి, "మీ తాతయ్య కోడెదూడకు కాడి అలవాటు చేసేటప్పుడు చేతిలో బెల్లంముక్క పెట్టుకునేవాడు. చర్నాకోల భుజాన ఉండేది గానీ, తీసింది నేను చూళ్ళేదు" అంది. సామెత అలా ఉన్నా, మంచి రైతు చేతిలో ఉన్నది బెల్లమేనన్నమాట!

ఇక ఆట. తిండి నెమ్మదైన పనులకు బాగుంటుంది: కూర్చోవడం, పడుకోవడం, ఆగడం. ఉరుకు, ఉత్సాహం కావలసిన చోట ఆటే గొప్ప బహుమతి. దీనికి అసలైన ఉదాహరణ పోలీసు, సహాయ దళాల కుక్కలు. హైదరాబాదు పక్కన మొయినాబాద్‌లో పోలీసు శునకాలకు శిక్షణ కేంద్రం ఉంది. ఇలాంటి కుక్కలకు వాసన పట్టడం నేర్పేటప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ఒకటుంది. ముందు బంతి మీదో, తాడు మీదో పిచ్చి ఇష్టం కలిగిస్తారు. ఆ తర్వాత వెతకాల్సిన వాసన ఎక్కడ దొరికితే అక్కడే ఆ బంతి ప్రత్యక్షమయ్యేలా చేస్తారు. అప్పట్నుంచీ కుక్క దృష్టిలో అది ఉద్యోగం కాదు, దాగుడుమూతలు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బురద, ఊట నీరు, విరిగిపోయిన యంత్రం. ఆధునిక పరికరాలకే దారి దొరకలేదు. మార్చి మొదటి వారంలో కేరళ పోలీసుల మాయా, మర్ఫీ అనే రెండు బెల్జియన్ మాలినోయిస్ కుక్కలను తీసుకొచ్చారు. అవి గుర్తించిన చోట తవ్వితే మార్చి 9న ఒకరి మృతదేహం బయటపడింది. ఎక్కడో ఒక ఇంట్లో ఎదురుచూపులకు ఒక జవాబు దొరికింది. అంతకు రెండేళ్ళ ముందు, 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపంలో మన ఎన్డీఆర్ఎఫ్ కుక్కలు రోమియో, జూలీ శిథిలాల కింద ప్రాణాలతో ఉన్న ఆరేళ్ళ పాపను కనిపెట్టాయి. ఆలోచించి చూడండి. దెబ్బకు భయపడి పనిచేసే కుక్క, యజమాని కంటికి కనపడని చీకటి సొరంగంలో, కొట్టే చెయ్యి లేని చోట, ఎందుకు వెతుకుతుంది? వెతకడమే ఇష్టమైతే తప్ప!

అయితే మా ఉండ మాలినోయిస్ కాదు. వాడికి ఆటే రాదు. ఇక్కడ నేను తెలుసుకున్నది చాలా ముఖ్యమైన సంగతి. జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త, క్షీరదాలన్నిటి మెదడులోనూ ఆటకు ప్రత్యేకమైన వ్యవస్థ ఉందని చెప్పాడు. ఎలుకలకు చక్కిలిగింతలు పెడితే మనిషి చెవికి అందని 50 కిలోహెర్ట్‌జ్ ధ్వనిలో కిచకిచలాడతాయని ఆయన బృందం కనిపెట్టింది. అదే మెదడులో భయం మేలుకుంటే ఆట నిద్రపోతుంది. రెండూ ఒకేసారి నడవవు. కాబట్టి ఆట ఒక థర్మామీటరు. ఆడని కుక్క, ఇష్టమైన ముక్క కూడా తినని కుక్క మొండిది కాదు. భయంతో ఉందని అర్థం. ఆ సమయంలో పాఠం చెప్పడం దండగ. దూరం పెంచాలి, శబ్దం తగ్గించాలి, కాసేపు వదిలెయ్యాలి.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. రోజూ సాయంత్రం సోఫాకు ఆరడుగుల దూరంలో, వాడివైపు వీపు పెట్టి కూర్చొని, ఆ పాత తువ్వాలుకు ముడి వేసి నేలమీద మెల్లగా లాగేది. వాణ్ణి పిలవకూడదు, చూడకూడదు అన్నది నిబంధన. తువ్వాలు వాడినుంచి దూరంగా పోవాలే తప్ప మీదకి రాకూడదు. పారిపోయేదాన్ని పట్టుకోవాలన్నది కుక్క రక్తంలో ఉంది. మీదకొచ్చేదాన్ని చూసి పారిపోవడమూ రక్తంలోనే ఉంది! పదకొండో రోజున ముందుకాళ్ళు చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనకభాగం పైకెత్తాడు. అది కుక్కల భాషలో 'ఆడదామా' అని పిలుపు. మార్క్ బెకాఫ్ లాంటి శాస్త్రవేత్తలు దీనిమీద ఎంతో పరిశీలన చేశారు. తర్వాత మెల్లగా వచ్చి తువ్వాలు కొస పళ్ళతో పట్టుకున్నాడు. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నావైపు చూసింది. నేను వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

తాడు లాగుడు ఆట ఆడితే కుక్కకు పొగరెక్కుతుందని, ఎప్పుడూ మనిషే గెలవాలని కొందరంటారు. 2002లో రూనీ, బ్రాడ్‌షా అనే పరిశోధకులు 14 గోల్డెన్ రిట్రీవర్లతో ఇదే ఆట ఆడి చూశారు. కొన్నిసార్లు కుక్కను గెలిపించారు, కొన్నిసార్లు ఓడించారు. గెలిచినందువల్ల అవి మనిషి మీద పెత్తనం చెలాయించడం పెరగలేదు. కాబట్టి నిశ్చింతగా గెలవనివ్వండి. కాకపోతే ఆటకు మూడు నియమాలుండాలి. మనం పిలిస్తేనే ఆట మొదలవుతుంది. 'వదిలెయ్' అంటే వదలాలి. వదిలిన మరుక్షణం భేష్ అని మళ్ళీ తాడు అందించాలి, అప్పుడు వదలడమంటే ఆట అయిపోవడం కాదని దానికి అర్థమవుతుంది. పన్ను చర్మానికి తగిలితే ఆట అక్కడితో అరనిమిషం ఆగిపోతుంది, అరవడం, తిట్టడం లేకుండా. ఆటలో చిన్నగా గుర్రుమనడం మామూలే. కానీ ఒళ్ళు బిగుసుకుపోయి, కన్ను కదపకుండా వస్తువు మీద కాపలా కాస్తుంటే అది ఆట కాదు. అప్పుడు తెలిసిన డాక్టరును అడగాలి, సొంత వైద్యం పనికిరాదు.

ఆజ్ఞల గురించి ఒక చిన్న మాట. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. మన ఇళ్ళలో నాన్న ఇంగ్లీషు, అమ్మ తెలుగు, పనిచేసే ఆవిడ హిందీ అయితే పాపం ఆ కుక్క ఏం కావాలి? మేం తెలుగే పెట్టుకున్నాం: కూర్చో, రా, వదిలెయ్, ఆగు. 'ఉండు' అని పెట్టలేదు, వాడి పేరే ఉండ కాబట్టి! ఇందులో ఒక లాభం కూడా దొరికింది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే మా అమ్మాయి, కుక్కతో మాత్రం చక్కగా తెలుగు మాట్లాడుతుంది.

ఇప్పుడు ఆ తలుపు గంట. డేవిడ్ ప్రేమాక్ అనే ఆయన 1959లో చెప్పిన సూత్రం ఒకటుంది. ఇష్టమైన పని, అంత ఇష్టం లేని పనికి బహుమతి అవుతుంది. మన అమ్మమ్మలు చెప్పిందే, "హోంవర్కు అయ్యాకే ఆట" అని. మేం గంట శబ్దాన్ని ఫోనులో రికార్డు చేశాం. మొదట వినీ వినపడనంత చిన్నగా వినిపించి, వెంటనే పక్కగదిలో చాప మీద కోడిముక్క. గంట, చాప, ముక్క. పూటకు అయిదు నిమిషాలు మించకుండా, రోజుకు మూడు పూటలు. వాడికి ఇంకా కావాలని ఉన్నప్పుడే ఆపెయ్యాలి. సౌండు రెండు రోజులకొక మెట్టు పెంచాం. మొరిగితే ఒక మెట్టు దిగాం. చాప మీద కూర్చోగానే తువ్వాలు ఆట. అసలు గంట మోగకుండా, నిజమైన అతిథులు ముందే ఫోను చేసేలా ఆ నెలంతా గుమ్మం మీద కాగితం అంటించాం. సాఫ్టువేరులో ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకే ఒక్కో మార్పు చేసి ఎక్సెల్‌లో రాసుకున్నాను. మొదటి వారం గంటకు సగటున నలభై అరుపులు. నాలుగో వారానికి మూడు. సున్నా కాలేదు, అవుతుందనీ అనుకోను. మూడుసార్లు మొరిగి, చాప మీదకి పరుగెత్తి, తోక ఊపుతూ నావైపు చూస్తాడు. గంట మోగితే ముందు భయం పుట్టేది, ఇప్పుడు ఆట గుర్తొస్తోంది. ముళ్ళ గొలుసు అరుపు ఆపగలదేమో, ఈ మార్పు తేలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ మాత్రమే కాదు. 2004లో ఇంగ్లండులో 364 మంది యజమానులను అడిగిన ఒక అధ్యయనంలో, బహుమతులతో నేర్పినవాళ్ళ కుక్కలు ఎక్కువ మాట విన్నాయి. దండించేవాళ్ళ ఇళ్ళలో సమస్యలెక్కువ కనిపించాయి. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కలను పరిశీలిస్తే, దండనతో నేర్పే బళ్ళలో చదివిన కుక్కల లాలాజలంలో, పాఠం తర్వాత ఒత్తిడి హార్మోను ఎక్కువగా పెరిగింది. ఇంకొకటి మన పిల్లల తల్లిదండ్రులకు నచ్చుతుంది. 2017లో 16 లాబ్రడార్లకు ఒక పాఠం చెప్పి, సగానికి వెంటనే అరగంట ఆట, సగానికి విశ్రాంతి ఇచ్చారు. మర్నాడు అదే పాఠం మళ్ళీ పెడితే, ఆడినవి సగటున 26 ప్రయత్నాల్లో అందుకున్నాయి, పడుకున్నవాటికి 43 పట్టాయి. చదువయ్యాక ఆడుకోనివ్వండి అని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

మా ఎడారి దేశం గురించి రెండు జాగ్రత్తలు. వేసవిలో రిఫాలో తారురోడ్డు మీద మన అరచెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే, కుక్క పాదం కూడా ఆన్చకూడదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని కూలరు. ఆటలో మునిగితే ఎండ సంగతి దానికి తెలియదు, మనమే ఆపాలి. వేసవంతా మా ఆట ఇంట్లో ఏసీ కిందే. ఒక తువ్వాలు మడతల్లో ముక్కలు దాచి వెతికించడం, గదుల్లో దాక్కుని 'రా' అని పిలవడం. పది నిమిషాల వాసనల ఆటతో అలిసి హాయిగా పడుకుంటాడు. చలికాలం వచ్చాక సాయంత్రాలు హునైనియా లోయ వైపు, కోట కనపడేలా నడక.

రెండోది ఇరుగుపొరుగు మర్యాద. ఇక్కడ చాలామందికి కుక్క లాలాజలం తగిలితే నమాజుకు ముందు శుభ్రం చేసుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఎదురుగా ఎవరొచ్చినా మేం పక్కకు తప్పుకుని, 'కూర్చో' అని, వాళ్ళు వెళ్ళాక భేష్ అంటాం. అలాగని అరబ్బులకు కుక్కంటే గిట్టదనుకోవడం సరికాదు. సలూకీ అనే వేటకుక్కను వాళ్ళు తరతరాలుగా ఎంతో ప్రేమగా పెంచారు. శిక్షణ పొందిన వేట జంతువు పట్టి తెచ్చినది తినవచ్చని ఖురాన్‌లోనే ఉంది. ఒకరోజు మా పక్కింటి పెద్దాయన దూరంగా ఆగి, ఉండ కూర్చున్న తీరు చూసి, తన చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి దగ్గరున్న సలూకీ కబుర్లు చెప్పారు. ఫిర్యాదు చేసినవాళ్ళలో ఆయనా ఒకరు.

నెల గడిచాక ఓనరుగారు వచ్చి, తనే గంట నొక్కారు. మూడు అరుపులు, చాప. "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు. ఆ మూడు నెలలూ అయిపోయాయి, ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా కాంట్రాక్టు ఎప్పటివరకో నాకు తెలియదు. కానీ ఉండకు మైక్రోచిప్ వేయించాం, టీకాల కాగితాలు మా పాస్‌పోర్టుల పక్కనే ఉంటాయి, ప్రయాణపు బోనులో పడుకోవడం కూడా ఆటగానే అలవాటు చేస్తున్నాం. ఎప్పుడు ఎక్కడికి వెళ్ళినా నాలుగో టికెట్టు వాడిది.

మీలో ఎవరైనా కుక్కను తెచ్చుకోవాలనుకుంటే, ముందు ఆ టికెట్టు ఖర్చు లెక్కేసుకోండి. ఇప్పటికే ఉంటే, ఇవాళ సాయంత్రం ఒక పాత తువ్వాలుకు ముడి వెయ్యండి. అయిదు నిమిషాలు చాలు. నేలమీద కూర్చోండి, మెల్లగా లాగండి, అది రాకపోతే రేపు మళ్ళీ కూర్చోండి. మీ ప్రశ్నలేవైనా ఉంటే రేడియో వాళ్ళకు రాయండి, తెలిసినంతవరకు జవాబిస్తాను.